పొయ్యి దగ్గర నిలబడే మనిషి

చిన్న హోటల్ నడిపేవాళ్ల లెక్కల పుస్తకంలో మినప్పప్పు ఉంటుంది, నూనె డబ్బా ఉంటుంది, గ్యాసు, కరెంటు, గది బాడుగ, గిన్నెలు తోమే ఆమె కూలి, అన్నీ ఉంటాయి. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి అంటించి రాత్రి తొమ్మిదిన్నరకు తలుపు వేసే మనిషి మోకాళ్లు, ఊపిరితిత్తులు, నిద్ర మాత్రం ఏ పేజీలోనూ కనిపించవు. తన కూలి, తన భార్య కూలి ఖర్చులో రాసుకోకుండానే నెలాఖరున మిగిలినదాన్ని లాభం అనుకుంటారు. అందులో చాలా భాగం ఒళ్లు అరిగినందుకు వచ్చిన డబ్బే. మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో చేతిలో కాస్త పెట్టుబడి ఉన్న కుటుంబం సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకుంటే ముందు ఆలోచించేది టీకొట్టు, టిఫిన్ హోటల్, మెస్సు. అన్ని వేల కుటుంబాల ఆరోగ్యం ఏమవుతోందన్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని ప్రశ్న.

గాండ్లపెంట కదిరి పక్కనున్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేదాకా అనంతపురం జిల్లాలో ఉండేది. ఇది వానను నమ్ముకుని వేరుశనగ వేసే సీమ. కదిరిలోని పరిశోధన కేంద్రం కదిరి-6 లాంటి మంచి రకాలు ఇచ్చింది గానీ, వాన లేని ఏడాదికి ఏ రకమైనా చేసేదేముంది? పంట పోయిన ఇంట్లో ఒకరు బెంగళూరు బస్సెక్కుతారు, ఇంకొకరు బస్టాండు దగ్గర రేకుల కప్పు వేసి నాలుగు బల్లలు పెడతారు. ముందు బోండాల బాణలి, పక్కన దోసె పెనం, వెనక ఇల్లు. హోటల్‌కూ ఇంటికీ మధ్య ఉండేది ఒక కర్టెన్. అందుకే ఇక్కడ పని వేళ అంటూ ఒకటి ఉండదు. కర్టెన్ తీస్తే పని, వేస్తే సంసారం, రెండూ ఒకే పొగలో.

చుట్టుపక్కల పట్టణాల్లో ఈ పని తీరు ఊరుకో రకంగా ఉంటుంది. పెనుకొండ వైపు 44వ నంబరు జాతీయ రహదారి వెంట దాబాలు లారీల కోసం రాత్రంతా తెరిచి ఉంటాయి. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలయ్యాక షిఫ్టు దిగి వచ్చేవాళ్లు కూడా ఆ దారి హోటళ్లకు తోడయ్యారు. ధర్మవరంలో మగ్గాలవాళ్లకు, రైలు జంక్షన్‌కు వచ్చేవాళ్లకు టీ ఏ వేళకైనా కావాలి. హిందూపురంలో చింతపండు, బెల్లం మార్కెట్‌కు సరుకు దిగే వేళ చూసి పొయ్యి అంటిస్తారు. కదిరిలో లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో వస్తే హోటళ్లవాళ్లు రాత్రీ పగలూ తేడా లేకుండా పనిచేస్తారు. శివరాత్రికి తిమ్మమ్మ మర్రిమాను దగ్గర జాతర జరిగితే ఆ దారిలోని ప్రతి టీకొట్టుకూ అదే పండగ, అదే శిక్ష. ఏడాది బాడుగ ఆ కొన్ని రోజుల్లో రావాలి మరి.

మొదట చట్టాన్ని చూద్దాం. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు బేరం ఉన్నవాళ్లకు లైసెన్సు కాకుండా రిజిస్ట్రేషన్ చాలన్నాయి. అంటువ్యాధి ఉన్నవాళ్లు వంటపని చేయకూడదు, గాయాలుంటే కప్పి ఉంచాలి, గోళ్లు కత్తిరించుకోవాలి అన్నాయి. లైసెన్సు తీసుకునే స్థాయి హోటల్ అయితే పనివాళ్లకు ఏడాదికోసారి వైద్య పరీక్ష, టైఫాయిడ్ జాతి జబ్బులకు టీకా ఉండాలన్నాయి. అన్నీ మంచివే, అవసరమైనవే. కానీ వీటన్నిటి ఉద్దేశం ఒక్కటే: హోటల్‌వాడి ఒంట్లోని జబ్బు తినేవాళ్లకు అంటకూడదు. తినేవాళ్ల కోసం పడే పాట్ల వల్ల హోటల్‌వాడికి వచ్చే బీపీ, షుగరు, ఉబ్బిన నరాలు ఆ రిజిస్ట్రేషన్ ఫారంలో ఎక్కడా లేవు. కార్మిక చట్టాలు పనివాడికి వారానికో సెలవు రాసిపెట్టాయి, యజమానికి రాయలేదు. ఈఎస్ఐ వైద్యం పదిమంది జీతగాళ్లున్న చోటే వర్తిస్తుంది. భార్యాభర్తలు, ఒక పిల్లోడు, గిన్నెలు తోమే ఒకామె, ఇంతే ఉన్న హోటల్ యజమాని అటు కార్మికుడూ కాడు, ఇటు కంపెనీ యజమానీ కాడు. ఆయన ఆరోగ్యానికి పూచీ పడేవాళ్లెవరూ లేరు.

అనుకోకుండా ఆయన ఊపిరితిత్తులను కాపాడుతున్న చట్టం ఒకటుంది. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం 30 మందికి తక్కువ కూర్చునే హోటల్లో పొగ తాగడానికి ప్రత్యేక గది పెట్టుకునే వెసులుబాటు కూడా ఇవ్వలేదు. అంటే చిన్న హోటల్లో బీడీ, సిగరెట్ వెలిగించనే కూడదు. టీ తాగుతూ బీడీ ముట్టించిన మనిషిని బయటికి పొమ్మనడానికి మొహమాటపడే యజమాని, రోజుకు వంద మంది వదిలిన పొగను తానే పీలుస్తున్నాడు. పోయేది బేరం కాదు. బయట గోడ దగ్గర ఒక బల్ల వేస్తే ఆ మనిషి అక్కడే కూర్చుంటాడు.

ఇక అసలు సమస్య, పని గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మన టిఫిన్ హోటల్ లెక్క తీయండి. నాలుగింటికి లేచి పిండి, చట్నీ, సాంబారు, పదకొండు దాకా టిఫిన్లు, తర్వాత గిన్నెలు, మధ్యాహ్నం సరుకులు, పప్పు నానబెట్టడం, సాయంత్రం బజ్జీ బోండా, రాత్రి పిండి రుబ్బడం. తక్కువలో తక్కువ రోజుకు 14 గంటలు, వారానికి ఏడు రోజులు, మొత్తం 98 గంటలు. ఆ అధ్యయనం ప్రమాదమని గీత గీసిన చోటికి మన హోటల్‌వాడు వారంలో నాలుగో రోజు రాత్రికే చేరుతున్నాడు.

ఒకరోజు మూస్తే బేరం పక్క హోటల్‌కు పోతుందన్న భయం నిజమైనదే, దాన్ని తోసిపుచ్చలేం. కానీ మనవాళ్లు రోజూ పోయివచ్చే బెంగళూరులో చూడండి. 1924లో మొదలైన మావళ్లి టిఫిన్ రూమ్స్, అదే ఎంటీఆర్, లాల్‌బాగ్ దగ్గరి తన పాత హోటల్‌ను సోమవారం మూసి ఉంచుతుంది. గాంధీబజారులో 1943 నుంచి దోసెలు పోస్తున్న విద్యార్థి భవన్‌కు శుక్రవారం సెలవు. మధ్యాహ్నం కూడా పొయ్యి ఆర్పేసి కొన్ని గంటలు తలుపు వేస్తారు. ఆ సెలవుల వల్ల ఆ హోటళ్లకు గిరాకీ తగ్గలేదు, మరుసటి రోజు పొద్దున్నే బయట జనం నిలబడి ఉంటారు. పేరు నిలబడ్డాకే వాళ్లకు ఆ ధైర్యం వచ్చిందనేవాళ్లున్నారు. నాకు మాత్రం సెలవు ఖాయంగా ఉండటం కూడా పేరు నిలబడటానికి ఒక కారణమే అనిపిస్తుంది. ఏ రోజు మూస్తారో తెలిసిన హోటల్‌ను జనం క్షమిస్తారు. చెప్పాపెట్టకుండా యజమాని జ్వరంతో మూసేసిన హోటల్ ముందు నుంచే పక్కదానికి పోతారు. గాండ్లపెంటలో బేరం పలచగా ఉండే రోజేదో గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషికి క్యాలెండర్ చూడకుండానే తెలుసు. ఆ రోజు మూయలేకపోతే ఆ పూట మూయొచ్చు. ఊళ్లో రెండు మూడు టిఫిన్ హోటళ్లవాళ్లు కూర్చుని సెలవులు వేర్వేరు రోజులకు పంచుకుంటే తినేవాళ్లకూ ఇబ్బంది ఉండదు. దీనికి ప్రభుత్వం అక్కర్లేదు, జీవో అక్కర్లేదు.

తిండి సంగతికి వస్తే, ఊరందరికీ వండిపెట్టే మనిషి వేళకు తినడు. పొద్దున అయిదు నుంచి మాడిన నూనె వాసన పీలిస్తే ఆకలి చచ్చిపోతుంది. పదకొండు దాటాక అడుగున మిగిలిన దోసె పిండితో రెండు దోసెలు, చల్లారిన బోండాలు, అప్పటికే అయిదారు టీలు. ఒక్కో టీకి రెండు చెంచాల చక్కెర అంటే దాదాపు 8 గ్రాములు. ఆరు టీలకు 50 గ్రాముల దగ్గరికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చక్కెరపై పెట్టిన పైహద్దు సుమారుగా అంతే, అందులో సగానికి తగ్గితే మరీ మంచిదంటుంది. టీకొట్టు యజమానికి ఆ హద్దు పలహారానికి ముందే దాదాపు నిండిపోతుంది. పైగా పాత చుట్టమో, కానిస్టేబులో వస్తే మర్యాదకు వాళ్లతో పాటు ఇంకో అరగ్లాసు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నట్టు, పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి రక్తపోటు ఉన్నట్టు లెక్కగట్టింది. ఈ మూడింటిని పెంచే తిండి, తొందర, నిద్రలేమి మూడూ హోటల్ వంటగదిలో ఒకే చోట కలుస్తున్నాయి.

విచిత్రమేమంటే దీనికి కావాల్సిన మందు ఈ సీమ తిండిలోనే ఉంది. రాగి సంగటి, పప్పు, ఆకుకూర పులుసు హోటల్లో అమ్మినా అమ్మకపోయినా, వండేవాళ్లు తినడానికి ఒక చిన్న కుండ వేరుగా పెట్టుకోవచ్చు. పొయ్యి అంటించే ముందు ఒక గ్లాసు రాగి అంబలో, పలచని మజ్జిగో తాగితే పదకొండింటి ఆకలికి చల్లారిన బోండాల మీద చెయ్యి పడదు. తొమ్మిదిన్నరకు గిరాకీ కాస్త ఆగినప్పుడు ఒకరు గల్లా చూస్తుంటే ఒకరు తినేయాలి. ఇది నియమంగా పెట్టుకున్న ఇళ్లలో తేడా కొన్నాళ్లకే కనిపిస్తుంది. రుచి చూసే పద్ధతి కూడా మార్చుకోవాలి. సాంబారు, చట్నీ, కారం, పులుసు ప్రతిదీ అరచేతిలో వేసుకుని నాకేవాళ్లకు రోజు మొత్తంలో ఎంత ఉప్పు లోపలికి పోతుందో లెక్కే ఉండదు. ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాములు, చెంచాడు కూడా కాదు. ఉప్పు కొలిచి వేసే చెంచా ఒకటి ఖాయం చేసుకుంటే నాలుకతో పనే తగ్గుతుంది, రుచి కూడా రోజూ ఒక్కలా వస్తుంది.

నూనె గురించి కొంచెం ఆగి చెప్పాలి. వాడిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటితే పారబోయాలని 2018 జూలై 1 నుంచి దేశమంతటా నిబంధన ఉంది. దాన్ని కొలిచే పరికరం గాండ్లపెంట బోండా అంగడిలో ఉండదు. కానీ బాణలి ముందు నిలబడేవాళ్లకు నూనె ఎప్పుడు చెడిందో కళ్లకూ ముక్కుకూ తెలుస్తుంది. రంగు ముదురుతుంది, నురగ తగ్గకుండా పైకి పొంగుతుంది, కాగకముందే పొగ లేస్తుంది, చల్లారాక జిడ్డుగా సాగుతుంది. ఆ నూనెలో ఆఖరి వాయి ఎవరు తింటున్నారో గమనించండి. గిరాకీకి పోగా మిగిలిన బజ్జీలు ఇంట్లో పిల్లల పళ్లెంలోకే పోతాయి. ఎక్కువ వేడి మీద వేపుడు చేసేటప్పుడు వచ్చే పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కలిగించే అవకాశం గల జాబితాలో చేర్చింది. కట్టెల పొయ్యి పొగ కూడా అదే జాబితాలో ఉంది. గ్యాసు సిలిండర్ ధర పెరిగినప్పుడల్లా చింత కట్టెలు, తుమ్మ కట్టెలు, వేరుశనగ పొట్టు మళ్లీ పొయ్యిలోకి వస్తాయి. కర్టెన్ వెనక హోంవర్కు చేసుకునే పిల్ల కూడా అదే గాలి పీలుస్తుంది. పొగగొట్టం రేకుల కప్పుకు పైన మూడడుగులైనా లేవాలి, దాని నోరు గాలి తోసే వైపు ఇంటి కిటికీ ఉండకూడదు. పొయ్యికి ఎదురుగా కాక, పొయ్యి పైన గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాలి. చాలాచోట్ల తలుపు దగ్గర, గిరాకీకి గాలి వచ్చేట్టు ఫ్యాను ఉంటుంది. అది పొగను వంట మనిషి ముఖం మీదికే తోస్తుంది.

ఎండాకాలం రేకుల కింద పొయ్యి దగ్గర వేడి ఎంతుంటుందో ఆ రేకును అరచేత్తో ముట్టినవాళ్లకు తెలుసు. చెమట రూపంలో పోయిన నీళ్లు తిరిగి లోపలికి పోవు, ఎందుకంటే తాగితే బయటికి పోవాల్సి వస్తుంది. ముఖ్యంగా ఆడవాళ్లకు. బస్టాండు దగ్గరి హోటల్లో మగవాళ్లు ఎక్కడో ఒకచోటికి పోతారు, పొయ్యి దగ్గరి ఆమె మధ్యాహ్నం దాకా ఆపుకుంటుంది, అందుకే నీళ్లు తాగడమే మానేస్తుంది. మూత్రంలో మంట, మూత్రపిండాల్లో రాళ్లు, తలనొప్పి, వడదెబ్బ అన్నిటికీ వేరు అక్కడే ఉంది. హోటల్ పెట్టేటప్పుడు బల్లలకంటే ముందు కట్టాల్సింది మరుగుదొడ్డి. గిరాకీకి చూపడానికి కాదు, లోపల పనిచేసే ఆమె కోసం. నీళ్లలోనూ ఒక తేడా ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ పాత బాధే. ఆ జిల్లాలోని 700కు పైగా గ్రామాలకు సత్యసాయి తాగునీటి పథకం 1995-96లో నీళ్లివ్వడానికి కారణాల్లో అదొకటి. ఈనాడు బల్ల మీద గిరాకీకి క్యాను నీళ్లుంటాయి, లోపల వండేవాళ్లు బోరు నీళ్లే తాగుతారు. ఆ క్యాను నుంచే వాళ్లూ తాగాలి, ఆ ఖర్చు ఖర్చే కాదు.

చేతులు, కాళ్లు. పిండి, సబ్బు నీళ్లు, మళ్లీ పిండి, ఇలా రోజంతా తడిగా ఉండే వేళ్ల సందులు పాచిపోతాయి, గోరుచుట్టు లేస్తుంది. అంట్లు తోమేటప్పుడు రబ్బరు చేతి తొడుగులు, రాత్రి చేతులు పూర్తిగా తుడిచి కొబ్బరినూనె, ఇంతకుమించి ఖర్చు లేదు. నిలబడి నిలబడి పిక్కల్లో నరాలు ఉబ్బుతాయి, మడమలు నొస్తాయి. దోసె పెనం మోచేతికి కొంచెం కిందుగా ఉండాలి. అంతకంటే కిందుంటే నడుం వంగుతుంది, పైనుంటే భుజం లేస్తుంది. ఒక కాలు మార్చి మార్చి పెట్టుకోవడానికి ఒక ఇటుకో, చిన్న పీటో చాలు. అరిగిన హవాయి చెప్పులతో నూనె జారిన గచ్చు మీద నడవడం మాత్రం ఏ రోజుకైనా బాణలి మీద పడటానికే. నిండు వాణిజ్య సిలిండర్ 35 కిలోల పైనే ఉంటుంది, దాన్ని నడుం వంచి ఒక్కరు ఎత్తకూడదు. కాలినచోట వెంటనే చల్లటి నీళ్లు ధారగా 20 నిమిషాలు పోయాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, నూనె ఏవీ పూయకూడదు. నీళ్లకు కటకట ఉన్న ఊళ్లో పొయ్యి పక్కన నిండు బక్కెట్ ఒకటి ఇందుకోసమే పెట్టి ఉంచాలి.

రాత్రిళ్లు మేలుకుని నడిపే దాబాలవాళ్లకు వేరే ముప్పు ఉంది. రాత్రి షిఫ్టు పనిని కూడా క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో వేపుడు పొగ ఉన్న ఆ జాబితాలోనే పెట్టింది, 2019లో మళ్లీ చూసి అక్కడే ఉంచింది. ఇద్దరు వంతులు మార్చుకునే వీలుంటే ఎప్పుడూ ఒక్కరే రాత్రంతా మేలుకోకుండా చూసుకోవాలి. మనసు సంగతి అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనరు. అరువు పుస్తకం, డైలీ కలెక్షన్ ఫైనాన్స్, చీటీ, పిల్లల ఫీజు, రాత్రి తలుపు వేశాక ఒక క్వార్టరు. నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం నెలల తరబడి ఉంటే 14416 నంబరుకు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు.

ఇన్ని చేసినా జబ్బు వస్తుంది, అందుకని ముందే తెలుసుకునే ఏర్పాటు కావాలి. ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు పరీక్ష గ్రామ ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా చేస్తున్నారు. హోటల్‌వాళ్లు పోకపోవడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు, వేళ. ఆస్పత్రి తెరిచి ఉన్న గంటల్లో వాళ్ల గిరాకీ ఉంటుంది. పొద్దుటి టిఫిన్లు అయిపోయి మధ్యాహ్నం సరుకులకు పోయే మధ్య పదకొండున్నర నుంచి దొరికే గంట అందుకు సరిగ్గా సరిపోతుంది. రిజిస్ట్రేషన్ కాగితం గడువు పూర్తయి మళ్లీ కట్టే రోజు ఇంట్లో పెద్దలందరూ ఆ పరీక్ష చేయించుకోవాలని పెట్టుకుంటే మరచిపోవడం ఉండదు. ఆహార భద్రత అధికారులు ఆ ఫారంలో బీపీ, షుగరు గడి ఒకటి చేర్చి ఉచిత పరీక్షకు దారి చూపితే ఇంకా మంచిది. కొత్త ఖర్చేమీ లేదు, రెండు శాఖలు మాట్లాడుకోవడమే కావాలి. ఈ పని జరగాలని నేను గట్టిగా అంటాను.

చివరగా బీమా. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతికి 436 రూపాయలు. మొదటిది ప్రమాదంలో చనిపోయినా, పూర్తి అంగవైకల్యం వచ్చినా, రెండోది ఏ కారణంతో మరణించినా, రెండేసి లక్షలు ఇస్తాయి. సురక్షా 18 నుంచి 70 ఏళ్ల దాకా, జీవన్ జ్యోతిలో 18 నుంచి 50 ఏళ్ల మధ్య చేరాలి. బ్యాంకు ఖాతా ఉంటే చాలు. చాలా ఇళ్లలో ఈ పాలసీ ఆయన పేరునే ఉంటుంది, ఎందుకంటే ఖాతా ఆయనది, హోటల్ రిజిస్ట్రేషన్ ఆయనది. రోజంతా మరిగే నూనె పక్కన ఉండేది ఎక్కువగా ఆమె. ఆమె పేరున ఖాతా తెరిచి, ఈ రెండూ ముందు ఆమెకు కట్టి, ఆ తర్వాత ఆయనకు కట్టాలి.